పడవ మోటారు దప్పిక

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, మిల్వాకీ నగరమునకు పడమటగా, గంటసేపటి ప్రయాణములోపుననే, ఓకాచీ అను సరస్సొకటి కలదు. మా అమ్మాయి కాపురము ఆ ప్రాంతముననే యగుటచే రెండు వేసవులు ఆ గట్టున తిరుగాడు భాగ్యము నాకు కలిగినది. చూడవచ్చినవారిని నిలువరించునంతటి విశేషమేమియు నందు లేదు. చుట్టును ఇండ్లు, ఇంటింటికి నీటిలోనికి చాచిన యొక చెక్కవంతెన, వంతెన వంతెనకు నొక పడవ, పడవ పడవకు అమరమున నొక మోటారు. అయినను, నేడు లోకమున నదులయందును సముద్రతీరములయందును పడవ వెనుక తగిలించి నడుపు మోటారులన్నిటి వంశవృక్షమునకును తమ సరస్సే మూలమని అక్కడివారు గర్వముతో చెప్పుకొందురు. ఆ గర్వమునకు ఆధారముగా నొక యైస్‌క్రీము కథయు వారియొద్ద సిద్ధముగా నుండును.

1906వ సంవత్సరపు వేసవిలో, నార్వేలో పుట్టి పసితనముననే తలిదండ్రులతో అమెరికా చేరిన ఓలె ఎవిన్‌రూడ్ అను యువకుడు, తాను వలచిన బెస్ కేరీతోను మిత్రులతోను ఈ సరస్సు తీరమున వనవిహారము చేయుచుండగా, ఆమె ఐస్‌క్రీము కావలెననెనట. అతడు తెడ్డు వేసికొని ఆవలి గట్టునకు పోయి, కొని, మరల తెడ్డు వేసికొని వచ్చునప్పటికి అది కాస్తయు కరగి నీరై యుండెనట. ఆ యుక్రోషముననే తెడ్డునకు బదులు యంత్రమును నిలుపవలెనను సంకల్పము పుట్టెనట. ప్రతి యంత్రమునకును ఇటువంటి జన్మకథ యొకటి పుట్టించుట లోకాచారము. నేను దీనిని పూర్తిగా నమ్మను, తోసిపుచ్చుటకును మనసొప్పదు. నమ్మదగినదేమనగా, పోతపనికి కావలసిన అచ్చులు చేయుటలో ఆరితేరిన ఆ శిల్పి 1909లో మోటారుల అమ్మకమును ప్రారంభించెను. వాని బరువు 62 పౌనులు, బలము ఒకటిన్నర గుర్రములు. బెస్ అప్పటికి అతని భార్య. లెక్కలు వ్రాయుటయే గాక, ఇక తెడ్లు పారవేయుడని జనమునకు బోధించు ప్రకటనలు కూర్చినదియు నామెయే. న్యూయార్కునందలి డేనిష్ ఎగుమతి వర్తకుడొకడు ఆ ప్రకటన చూచి, ఉత్తరదేశముల జాలరులకై వేలకొలది మోటారులు తెప్పించెను.

అతనికి ముందు ఈ పని యెవరును చేయలేదని కాదు. 1881లోనే గుస్తావ్ త్రూవే పారిసు నగరమున సేన్ నదిపై విద్యుత్తుతో నడచు మోటారును పడవకు తగిలించి చూపెను. 1905లో కామెరూన్ వాటర్‌మన్ మోటారుసైకిలు ఇంజినును దించి పడవ వెనుక కట్టి, మంచుపలకలు తేలుచున్న డెట్రాయిట్ నదిలో నడిపెను. ఎవరు మొదటివారన్న తగవును చరిత్రకారులకు విడిచిపెట్టుదము. ఈ మోటారుల చరిత్ర వ్రాసినవారందరును గుర్రముల బలమును, పందెములందలి వేగమును, కంపెనీల విలీనములను గురించియే పుటలు నింపిరి. నాకు మాత్రము అంతకంటె ఆసక్తికరముగా తోచిన ప్రశ్న యొక్కటి: ట్యాంకులోని పెట్రోలు కార్బురేటరు దాకా ఏ త్రోవను, ఎవరు త్రోయగా, చేరుచుండెను? ఆ త్రోవ రెండు మారులు మారినది; పాత మోటారు దప్పికతో ఆగిపోయినపుడు, అది యే కాలమున పుట్టినదో తెలిసినచో రోగములో సగము తెలిసినట్లే.

ఈ సంగతి నాకు పుస్తకముల వలన తెలియలేదు. మా అమ్మాయి పొరుగింటి వృద్ధుని షెడ్డులో తెలిసినది.

ఎనుబదేండ్లు దాటిన ఆయన తన తండ్రి నుండి సంక్రమించిన పది గుర్రముల మోటారు నొకదానిని, నీరు నింపిన పెద్ద పీపా అంచునకు బిగించి, రెండు దినములుగా దానితో పోరాడుచుండెను. 1950లలో పుట్టిన మోటారు అది. తాడు లాగగానే అంటుకొనును. పొగ చిమ్మి, చక్కగా రెండు నిమిషములు పాడును. పిదప గొంతు బొంగురుపోయి, దగ్గి, ఆగిపోవును. మరల లాగినచో ఉలకదు పలకదు. ప్లగ్గులు విప్పి చూచెను, నిప్పురవ్వ బాగుగనే యుండెను. కార్బురేటరు విప్పి కడిగెను. అడుగు గిన్నెలో తేనెరంగు జిగురు గోటితో గీకినచో లేచునంత మందముగా నుండెనట. అది అన్ని పాత మోటారులలో నుండునదే. అక్కడి సరస్సులు చలికాలమున గడ్డకట్టును; మోటారు నెలల తరబడి షెడ్డులో పడియుండును; గిన్నెలో మిగిలిన పెట్రోలులోని తేలికపాలు ఆవిరియై పోవగా, తక్కినది గాలి సోకి బంకయై జెట్టు కన్నములను పూడ్చును. అందుచేతనే, తెలిసినవారు శీతకాలమునకు మోటారును దాచునపుడు పైపు ఊడదీసి, కార్బురేటరులోని ఆఖరు చుక్క తాగి తనంత తానే ఆగిపోవు దాక దానిని నడపి మరీ పడుకోబెట్టుదురు. కాని ఆ జిగురంతయు కడిగినను ఈ మోటారు జబ్బు వదలలేదు.

ఆయన జబ్బును కాసేపు ఆయన షెడ్డులోనే యుంచి, మొదటి కాలమునకు పోవుదము. 1909 నాటి మోటారులోను, ఆ తరువాత నలుబదేండ్లపాటు పుట్టిన మోటారులలో నెక్కువ భాగమునందును, ట్యాంకు మోటారు తలమీదనే యుండెడిది. పెట్రోలు మేడమీది తొట్టిలోని నీరు కొళాయికి దిగినట్లు తన బరువుననే దిగి కార్బురేటరు చేరెడిది. త్రోయువాడు లేడు, పీల్చువాడు లేడు. భూమ్యాకర్షణము జీతమడుగని కూలి. ఇంగ్లండు దక్షిణ తీరమున పూల్ పట్టణమునందలి బ్రిటిష్ సీగల్ వారు 1930లలో మొదలుపెట్టి గత శతాబ్ది చివరి దశకము దాకను ఈ పద్ధతినే దాదాపు విడువక పట్టుకొనిరి. వారి మోటారునకు ఇత్తడి ట్యాంకు, దానిక్రింద లాగి తెరచు కుళాయి, కార్బురేటరుమీద వేలితో నొక్కి పెట్రోలు చినుకు కనపడు దాక పట్టియుంచవలసిన చిన్న పుల్ల. చూచుటకు మోటుగా నుండెడివి గాని, రెండవ ప్రపంచ యుద్ధమున ఆంగ్ల నౌకాదళము వేలకొలది తీసికొనినది ఇట్టివానినే.

ఈ కాలపు మోటారునకు వచ్చు జబ్బులు నాలుగైదే, అన్నియు కంటికి కనపడునవే. అందు మిక్కిలి నవ్వు పుట్టించునది మూతమీది గాలిమర. దానిని విప్పుట మరచినచో పెట్రోలు దిగినకొలదియు లోపల శూన్యమేర్పడి, కొంతసేపటికి దిగుట మానివేయును. కిరాణా కొట్టులో నూనె డబ్బాకు ఒకే కన్నము పొడిచి వంపిచూచిన ప్రతి కుర్రవానికిని ఈ శాస్త్రము తెలియును; రెండవ కన్నము పొడువనిదే నూనె గుటక గుటకగా తప్ప ధారగా పడదు. అయినను నడిసరస్సులో మోటారాగిపోయినపుడు పెద్ద పెద్ద చదువులు చదివినవారు ప్లగ్గులు విప్పుదురే గాని మూతమీద చేయి వేయరు. తక్కిన జబ్బులు కుళాయిలో తుప్పుపొడి, ట్యాంకడుగున చేరిన నీరు, కార్బురేటరులోనికి పెట్రోలును విడిచి మూయు నీడిల్ అతుకుకొనుట. ఈ మోటారులకు వేరుగా ఆయిలు పోయు చోటు లేదు. క్రాంక్‌కేసులోనికే పెట్రోలు మిశ్రమము వచ్చును గనుక, ఆయిలును పెట్రోలులోనే కలిపి పోయవలెను. తొలినాళ్ళలో పదునారింటికి ఒకటి చొప్పునను, అంతకంటె చిక్కగాను కలిపెడివారు. 1964 ప్రాంతమున అమెరికా కంపెనీలు ఏబదింటికి ఒకటికి దిగినవి. పాత మోటారు చరిత్ర తెలియక కొత్త లెక్కన కలిపి బేరింగులను కాల్చుకొన్నవారు కలరు. అది దప్పిక కాదు, ఆకలి. ఇచట దాని ప్రసక్తి యింతతో చాలు.

తలమీది ట్యాంకు చిన్నది; గంటన్నరకో రెండు గంటలకో నిండుకొనును. నడినీటిలో, ఊగుచున్న పడవలో, వేడెక్కిన మోటారుమీదికి వంగి పెట్రోలు పోయుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. 1949లో జాన్సన్ కంపెనీవారు పది గుర్రముల మోటారునొకదానిని విడుదల చేసి, ట్యాంకును మోటారు నుండి వేరుచేసి పడవ అడుగున కూర్చుండబెట్టిరి. ఆరు గేలనులు పట్టు ఎఱ్ఱని ట్యాంకు అది. ఎవిన్‌రూడ్ పేరుతో వెలువడు మోటారులకును మరు సంవత్సరమే అట్టి ట్యాంకు వచ్చినది. అప్పటికి ఈ రెండు పేర్లును ఒకే సంస్థ గొడుగు క్రిందికి చేరియుండెను, ఓలెయు బెస్సును చనిపోయి పదునైదేండ్లు దాటియుండెను. ఈ మార్పుతో కూలిపని చేయు భూమ్యాకర్షణము శత్రువైపోయినది. పెట్రోలు ఇపుడు క్రిందినుండి మీదికి ఎక్కవలెను. ఎక్కించునదెవరు?

వారు కనిపెట్టిన యుపాయము నన్ను షెడ్డులో నిలువునా ఆపినది. మోటారు నుండి ట్యాంకునకు ఒకటి గాక రెండు గొట్టములు జంటగా అంటుకొని పోవుచుండెను. వృద్ధుడు వివరించెను: పిస్టను దిగునపుడు క్రాంక్‌కేసులో పుట్టు ఒత్తిడిలో కొంత ఒక గొట్టమున ట్యాంకులోనికి పోయి పెట్రోలుమీద కూర్చుండును, ఆ గాలి త్రోయగా పెట్రోలు రెండవ గొట్టమున మోటారునకు ఎక్కును. మోటారు తిరుగక మునుపు గాలి లేదు గనుక, ట్యాంకుమీద నున్న మీటను నాలుగైదు మారులు నొక్కి తొలి గుటకను చేతితో పంపవలెను.

ఇది మా యింటి పంపు స్టవ్వు గదా అని నాకు తోచినది. 1892లో స్వీడను దేశస్థుడు ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ రూపొందించిన ఆ ఇత్తడి పొయ్యి ఏయే సముద్రములు దాటి వచ్చెనో గాని, నా బాల్యమున మా వంటింటిలో దాని సొద వినని తెల్లవారుజాము లేదు. కిరసనాయిలు క్రింద, మంట మీద. నడుమ గాలియే తోపుడు. మంట కాసేపు నీలముగా నిలిచి, పిదప పచ్చబడి కుంగిపోయినపుడు మా అమ్మ పిన్ను కోసము వెదకెడిది కాదు. మొదట మంట తీరు చూచి, “ఒరేయ్, గాలి నిలవడం లేదు, వాషరు ఎండిపోయినట్టుంది, కాస్త కొబ్బరినూనె పట్రా” అనెడిది. పిన్నుతో పొడువవలసినది కన్నము పూడినపుడు. అట్టి మంట మొదటినుండియే సన్నగా మండును. బాగుగ మండి కుంగు మంట గాలి పోవుచున్నదనుటకు గురుతు. ఈ భేదము ఆమె ఏ పాఠశాలయందును నేర్వలేదు.

వృద్ధుని మోటారు బాగుగ మండి కుంగుచున్న మంట. మీట నొక్కినచో రెండు నిమిషములు నడచుచున్నదనగా త్రోవ పూడలేదు. చేతితో పంపిన పెట్రోలు కార్బురేటరు చేరుచునే యున్నది. అది అయిపోగానే రెండవ గుటక పంపువారు లేక ఆగుచున్నది. ఆయనకు వచ్చీరాని యింగ్లీషులో మా అమ్మ వైద్యమును వివరించితిని. ఆయన నవ్వలేదు. సబ్బునీరు చేసి, ట్యాంకు గాలిగొట్టమునకు సైకిలు పంపు తగిలించి, నాలుగు పోట్లు కొట్టించి, అతుకులవెంట కుంచెతో సబ్బునీరు పూసెను. జంటగొట్టపు కొనయందలి రబ్బరు ఉంగరముల చుట్టు ఏమియు లేదు. మీట చుట్టు ఏమియు లేదు. మూత అంచున మాత్రము, ముందొకటి, పిదప రెండు, తరువాత గుంపుగా, ఆవగింజలంతేసి బుడగలు లేచి, ఎండలో ఏడు రంగులు చూపి పగులసాగినవి. మూతలోని వాషరు తీసి చూపెను. డెబ్బదేండ్ల నాటిది కాకపోవచ్చును గాని, గోటితో నొక్కినచో గుంట పడనంత గట్టిపడినది.

ఇట్టి ట్యాంకు ఆ రోజులలో ఎన్ని పడవలలో నుండెనో! కాళ్ళకడ ఒత్తిడితో నున్న పెట్రోలు నుంచుకొని కూర్చుండుట సాహసమే. గొట్టము చిట్లినచో అది కారదు, చిమ్మును. ఆ భయముచేతను, అతుకుల బెడదచేతను, 1950ల చివర నుండి కంపెనీలు ఈ పద్ధతిని ఒక్కొక్క మోటారునకే విడనాడినవి. వచ్చిన మూడవ పద్ధతియే నేటికిని నిలిచినది. దానిలో మోటారు పెట్రోలును ట్యాంకు నుండి త్రోయించుకొనదు, తానే పీల్చుకొనును. క్రాంక్‌కేసునందలి ఒత్తిడియు శూన్యమును మార్చి మార్చి ఒక పలుచని డయాఫ్రమును అటునిటు కదలించును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు మోటారులో సెకనుకు 50 మారులు కొట్టుకొను చిన్న గుండె అది. ఒక్క గొట్టము చాలును. తొలి గుటక కొఱకు గొట్టము నడుమ, డాక్టరు రక్తపుపోటు చూచునపుడు పిసుకు దానివంటి రబ్బరు బల్బు.

ఈ బల్బు వచ్చినతోడనే మోటారు నాడి మెకానికు చేతికి చిక్కినది. మోటారు నీరసించునపుడు బల్బును పిసికినచో తేరుకొనెనా, డయాఫ్రం చెడినదని యర్థము. దాని పని చేయి చేయుచున్నది. బల్బు తనంత తాను చప్పిడియై లోనికి పీల్చుకొనిపోయెనా, అడ్డు ట్యాంకు వైపున నున్నది. గాలిమర తెరువలేదో, జల్లెడ పూడినదో. ఎంత పిసికినను గట్టిపడకుండెనా, ఎచటనో గాలి పట్టుచున్నది, కాకున్న కార్బురేటరు పొర్లిపోవుచున్నది. వీనికన్న మాయదారి జబ్బు వేరొకటి కలదు: గొట్టము వెలుపల నిగనిగలాడుచునే లోపలి పొర ఊడి, నెమ్మదిగా పోవునపుడు ప్రక్కకు ఒదిగి, వేగము పెంచగానే లేచి దారి మూసివేయును. దానిని కనుగొనుటకు గొట్టమును కోసి చూచుట తప్ప మార్గాంతరము లేదు.

మోటారు మారలేదు గాని పెట్రోలు మారినది. ఈ శతాబ్ది మొదటి దశకము నుండి అమెరికా బంకులలో పోయు పెట్రోలులో సాధారణముగా పదవ వంతు ఇథనాలు. మన దేశమున నిప్పుడది 20 శాతము దాకా పెరిగినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును, మితిమీరినచో నీటితో కలసి అడుగునకు దిగిపోవును, పాత రబ్బరును మెత్తబరచును. 1950ల నాటి కార్బురేటరులలో, పెట్రోలుపై తేలుచు నీడిల్‌ను మూయించు ఫ్లోటును కార్కు బెండుతో చేసి, పెట్రోలు పట్టకుండ దానిపై లక్క పూయుచుండిరి. ఆనాడు లోకమునకు లక్కను సరఫరా చేయుటలో మన దేశమునదే పెద్దచేయి. ఛోటానాగపురపు అడవులలో కుసుమ, మోదుగు కొమ్మలనుండి గీకి తీసినది విస్కాన్సిన్ సరస్సుల బెండ్లను కాపాడినదన్నమాట. లక్క పెట్రోలునకు కరగదు, ఆల్కహాలునకు కరగును. స్పిరిటులో లక్క వేసి పాలిష్ చేయు మన వడ్రంగులందరును ఎఱిగినదే ఇది. కావున కొత్త పెట్రోలు తగిలి లక్క కరగి, బెండు తడిసి బరువెక్కి మునిగి, నీడిల్ మూయక, మోటారు దప్పికకు బదులు వరదపాలగుచున్నది. వృద్ధుడు తన ఫ్లోటును ఏనాడో ప్లాస్టికుదానితో మార్చుకొన్నానని, ఆ లక్క ఎక్కడనుండి వచ్చునో మాత్రము తెలియదని చెప్పెను.

మన తీరములకు ఈ మోటారులు ఆలస్యముగా వచ్చినవి. నార్వేవారు 1952 నాటి ఒప్పందముతో కొల్లము చెంత నీండకరలో జాలరి పడవలకు ఇంజిన్లు పెట్టించిరి గాని, అవి పడవ కడుపులో నుండునవి. అమరమున తగిలించు మోటారులు కేరళ నావలమీద 1980లలో విరివిగా కనిపించినవి. పెట్రోలు ఖరీదు భరింపలేక కిరసనాయిలుతో నడపుదురు. పెట్రోలుతో అంటించి, వేడెక్కిన పిదప కిరసనాయిలునకు మార్చి, గట్టు చేరుచు మరల పెట్రోలునకు మార్చి ఆపవలెను. ఆ చివరిమాట మరచినవాని కార్బురేటరులో కిరసనాయిలు నిలిచిపోయి మరునాటి వేకువను మోటారు మొండికేయును. మన ఆంధ్ర తీరపు తెప్పలమీద, ఫైబరు పడవలమీద ఎక్కువగా కనపడునది పొడుగు కడ్డీ చివర రెక్క తిరుగు డీసెలు ఇంజిను. దాని దప్పిక వేరు, దాని వైద్యము వేరు. పెట్రోలు మోటారు మనకు ముఖ్యముగా కంటబడునది వరదలనాడు, రబ్బరు పడవ వెనుక. ఏడాదిలో అధిక భాగము గిడ్డంగిలో నిద్రించి, ఒక రాత్రి హఠాత్తుగా మేల్కొనవలసిన మోటారునకు పాత పెట్రోలుకంటె పెద్ద శత్రువు లేదు. దానిని నెలకొకమారు పీపాలో నడపి చూచుట ఆడంబరము కాదు.

వృద్ధుడు పెట్రోలునకు చెడని రబ్బరు రేకు తెచ్చి, కత్తెరతో చుట్టుకొలత చూచి చూచి కోసి, మూతలో క్రొత్త వాషరు కూర్చుటకు మరి నాలుగు దినములు పట్టినది. ఆదివారము పడవలో నన్నును కూర్చుండబెట్టుకొనెను. నాలుగు మారులు మీట నొక్కి తాడు లాగెను. రెండు నిమిషములు గడచినవి, పదియు గడచినవి. మోటారు గొంతు మారలేదు. ఓకాచీ సరస్సు ఈ గట్టునుండి ఆ గట్టునకు, ఐస్‌క్రీము కరుగకుండ తేదగినంత వేగముతోనే, పోయి వచ్చితిమి. వంతెన చేరి మోటారు ఆపిన పిదప ఆయన వంగి, ఎఱ్ఱ ట్యాంకు మూతను పావు చుట్టు వదులు చేసెను. మా వంటింటిలో అన్నము దింపిన తరువాత స్టవ్వు గాలిమర త్రిప్పినపుడు వినవచ్చినట్లే, సుయ్యిమని గాలి పోయెను.